మూతి నెరిసిన కుక్క



ఈ పూట మీకో సలహా చెబుదామని వచ్చాను. విని నవ్వుకున్నా ఫరవాలేదు. ఇంట్లో కుక్కను పెంచుకోవాలని మీకు ఉంటే, పిల్లను కొనకండి. ముసలిదాన్ని తెచ్చుకోండి. అవునండీ, సరిగ్గానే విన్నారు. ఏడెనిమిదేళ్ళు నిండి, మూతి దగ్గర వెంట్రుకలు తెల్లబడి, ఎవరికీ అక్కర్లేక ఏదో ఒక జంతు సంరక్షణ కేంద్రంలో పడి ఉన్న కుక్కను తెచ్చుకోండి. అదే మనం షెల్టర్ అంటున్నామే, అక్కడినుంచి.

ఈ మాట ముఖ్యంగా ఎవరికి చెబుతున్నానంటే, తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉంటున్న పెద్దవాళ్ళకు. ఉద్యోగం అయిపోయింది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, డాలస్‌లోనో స్థిరపడ్డారు. నలుగురైదుగురు తిరిగిన ఇంట్లో ఇద్దరే మిగిలారు. కొన్ని ఇళ్ళలో ఒక్కరే. అలాంటి ఇంటికి కుక్కపిల్ల సరిపడదు. పెద్ద కుక్క సరిపడుతుంది. ఎందుకో చెబుతాను.

అసలు ఈ ఇళ్ళలోకి కుక్కపిల్ల ఎలా వస్తుందో మీకు తెలుసు. సంక్రాంతికి అబ్బాయి వస్తాడు. వస్తూ వస్తూ అట్టపెట్టెలో ఒక లాబ్రడార్ పిల్లను తెస్తాడు. "నాన్నా, మీకు తోడుగా ఉంటుంది" అంటాడు. రెండు నెలల పిల్ల. అరచేతుల్లో ఇమిడిపోతుంది. పండగ నాలుగు రోజులూ ఇల్లంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కనుమ వెళ్తుంది, అబ్బాయి వెళ్తాడు. పిల్ల మాత్రం ఉంటుంది. అది పెరుగుతుంది. ఏడాది తిరిగేసరికి పాతిక, ముప్ఫై కిలోలు. పొద్దున్నే కాలువ కట్ట మీద నడకకు తీసుకెళితే, అది ముందు, నాన్నగారు వెనక. ఎదురుగా పిల్లి కనిపించిందా, ఇక అంతే. గొలుసు వదలాలి, లేదంటే తుంటి ఎముక సంగతి చూసుకోవాలి. ఇంట్లో అమ్మగారి అవస్థ వేరు. మోకాళ్ళ నొప్పులతో రాత్రిపూట లేచి, గుమ్మంలో అది పోసిన ఉచ్చ తుడవాలి. చెప్పులు నమిలేస్తుంది. కళ్ళజోడు నమిలేస్తుంది. పిల్ల కదా, దాని తప్పేమీ లేదు. ఆ ఇంటికి ఆ వయసు కుక్కను తేవడమే తప్పు.

ఇంకో లెక్క చూడండి. లాబ్రడార్ పది, పన్నెండేళ్ళు బతుకుతుంది. చిన్న జాతులైతే ఇంకా ఎక్కువే. డెబ్బయ్యో ఏట మీరు పిల్లను తెచ్చుకున్నారనుకోండి. అది ముసలిదై, లేవలేక, మీరు ఎత్తి పట్టుకోవాల్సిన రోజు వచ్చేసరికి మీకు ఎనభై దాటతాయి. అప్పుడు మిమ్మల్ని ఎవరు పట్టుకోవాలి? దాన్ని ఎవరు పట్టుకోవాలి? అదే ఎనిమిదేళ్ళ కుక్క అయితే ఈ రోజే మీ నడక నడుస్తుంది. మధ్యాహ్నం మీరు కునుకు తీస్తే అదీ తీస్తుంది. పెద్ద వయసు కుక్క రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. కానీ గేటు చప్పుడైతే మాత్రం తల ఎత్తుతుంది, ఒక మొరుగు మొరుగుతుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి కావలసింది ఆ ఒక్క మొరుగే.

ఇక్కడ మీకొక అనుమానం వస్తుంది. అంత మంచి కుక్కయితే దాన్ని షెల్టర్లో ఎందుకు వదిలారు? ఏదో లోపం ఉండే ఉంటుంది. కరుస్తుందేమో. జబ్బేమో.

కొన్నిటికి ఉంటుంది, కాదనను. కానీ చాలా కుక్కలు అక్కడికి చేరడం వాటిలో లోపం వల్ల జరగదండీ, మనుషుల బతుకులు మారడంవల్ల జరుగుతుంది. యజమాని చనిపోయాడు, పిల్లలు ఇల్లు అమ్మేశారు. డాబా ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు, అపార్టుమెంటు వాళ్ళు కుక్క వద్దన్నారు. బదిలీ అయింది. కోడలికి నెల తప్పింది, కుక్క వెంట్రుకలు పడవన్నారు. వీటిలో కుక్క చేసిన తప్పు ఒక్కటైనా ఉందా?

ఇంకొకటి, మోజు. మన ఊళ్ళలో కుక్కల మోజు ఎలా మారిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. ఒకప్పుడు ఏ వీధిలో చూసినా తెల్లటి బొచ్చుకుక్కే. పమేరియన్. బ్యాంకు మేనేజరు ఇంట్లో అదే, డాక్టరు గారింట్లో అదే. తరవాత 2003లో టీవీలో హచ్ ఫోన్ ప్రకటన వచ్చింది. చిన్న పిల్లాడి వెనకే నడిచే ముడతల మొహం కుక్క. దాని జాతి పేరు పగ్. కానీ ఆ పేరు ఎవరికి కావాలి? "హచ్ కుక్క కావాలండీ" అని అడిగి కొన్నారు. ఆ తరవాత లాబ్రడార్లు. ఆ తరవాత హస్కీలు. మంచులో బండ్లు లాగే కుక్కను తెచ్చి, మే నెలలో ఉక్కపోతకు మనుషులే తట్టుకోలేని మన డెల్టాలో పెంచారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2020లో కరోనాకు ఇళ్ళు మూసుకుని కూచున్నప్పుడు కాలక్షేపానికి కొన్నవాళ్ళూ ఉన్నారు. ఆఫీసులు తెరిచారు, కాలక్షేపం తీరిపోయింది. ఆ రోజుల్లో పిల్లలుగా కొన్న కుక్కలు ఇప్పుడు నడి వయసుకొచ్చాయి. మోజు తీరిన కుక్క మొదట పెరట్లోకి వెళ్తుంది. తరవాత గొలుసుకు వెళ్తుంది. తరవాత ఒక రాత్రి స్కూటరు మీద ఊరి చివరికి వెళ్తుంది.

అలా వదిలేయడం నేరం అని మీకు తెలుసా? 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం శిక్షార్హం. శిక్ష ఎంతంటారా? మొదటిసారి అయితే పది రూపాయలనుంచి యాభై రూపాయలదాకా జరిమానా. ఆనాటి లెక్క ఇంకా అలాగే ఉంది. ఈ రోజు తెనాలి బస్టాండులో ఇద్దరు టీ తాగితే అంతవుతుంది. చట్టానికి భయపడి ఎవరూ ఆగరు, ఆ సంగతి నాకూ తెలుసు.

సరే. ముసలి కుక్క ఎందుకు మంచిదో మళ్ళీ ఒకసారి చెబుతాను, ఎందుకంటే అసలు విషయం అదే. పిల్లను కొంటే మీరు కొనేది ఒక ఊహను. అది ఎంత పెరుగుతుందో తెలియదు. ఎలాంటి బుద్ధి వస్తుందో తెలియదు. లాబ్రడార్ అని చెప్పి అమ్మింది ఏడాది తిరిగాక ఏమవుతుందో అమ్మినవాడికే తెలియదు. పెద్ద కుక్క అలా కాదు. ఎంత ఎత్తో కళ్ళ ముందే ఉంది. ఎలాంటిదో దాన్ని చూసుకుంటున్న మనిషి చెబుతాడు. కుక్కపిల్లల్ని చంపే పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బుల గండం చాలామటుకు గడిచిపోయి ఉంటుంది. ఇళ్ళలో పెరిగినవాటిలో చాలావాటికి ఒంటికి వస్తే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడటం కూడా తెలుసు.

కాబట్టి షెల్టరుకు వెళ్తే కుక్క అందం చూడకండి. దానికి అన్నం పెట్టే మనిషిని పట్టుకోండి. పట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. అన్నం తినేటప్పుడు దగ్గరికి వెళ్తే గుర్రుమంటుందా? చిన్న పిల్లల్ని చూస్తే ఏం చేస్తుంది? పిల్లినో, ఇంకో కుక్కనో చూస్తే? ఒంటరిగా వదిలేస్తే ఏడుస్తుందా? ఆ మనిషి తడుముకోకుండా చెబితే ఆ షెల్టరు మంచిది. మళ్ళీ చెబుతున్నాను. కుక్కను చూసే ముందు, దానికి అన్నం పెట్టే మనిషితో మాట్లాడండి.

షెల్టర్లు ఎక్కడున్నాయి అంటారా? పాతవాటిలో చెన్నై బ్లూ క్రాస్ 1959లో మొదలైంది. హైదరాబాదులో అక్కినేని అమలగారు 1992లో బ్లూ క్రాస్ స్థాపించారు. విశాఖలో 1996నుంచి విశాఖ జంతు సంరక్షణ సంఘం నడుస్తోంది. కానీ రేపల్లెలో ఉన్న పెద్దాయన రైలెక్కి విశాఖ వెళ్ళి కుక్కను తెచ్చుకోవాలని నేను అనను. మీ ఊరి పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడి డాక్టరుగారిని అడగండి. ఎవరింట్లో కుక్క అక్కర్లేకుండా పోయిందో, ఎవరు అమెరికా వెళ్ళిపోతూ కుక్కను ఎవరికిద్దామా అని చూస్తున్నారో ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. షెల్టరుదాకా వెళ్ళకముందే ఒక కుక్కను ఆపినవాళ్ళవుతారు. వీధికుక్కల సంగతైతే, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఒక మాట చెప్పింది. దత్తత తీసుకోదలచినవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ తీసుకున్నాక దాన్ని మళ్ళీ వీధిలోకి వదలకూడదు. మీ వీధిలో ఏళ్ళ తరబడి మీ అరుగు కిందే పడుకుంటున్న ముసలి కుక్క ఒకటి ఉంటే, మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కథ చెప్పి మిమ్మల్ని కరిగించాలనీ లేదు. స్వర్గం సంగతి తరవాత చూద్దాం. కుక్క ఇంటికి వచ్చిన మొదటి వారం ఎలా గడుస్తుందో చూద్దాం.

మొదటి వారం మీకు నచ్చకపోవచ్చు. అది తినదు. మూల వెతుక్కుని పడుకుంటుంది. పిలిస్తే రాదు. "ఇదేం కుక్కండీ, తోక కూడా ఊపదు" అంటారు ఇంట్లోవాళ్ళు. దానికి ఇల్లు పోయింది, మనిషి పోయాడు, షెల్టరు పోయింది. ఇప్పుడు మీ ఇల్లు కూడా ఎన్నాళ్ళో దానికి తెలియదు. కుక్కల్ని దత్తతకిచ్చేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. గుర్తుంచుకోవడం తేలిక. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. భయం తగ్గడానికి మూడు రోజులు. ఇంటి వేళలు అలవాటవడానికి మూడు వారాలు. ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. ఈలోగా వెనక్కి ఇచ్చేయకండి.

వచ్చిన రోజే స్నానం చేయించకండి. చుట్టాల్ని పిలిచి చూపించకండి. పాత పేరు తెలిస్తే ఆ పేరుతోనే పిలవండి. మీకు టైగరు అనే పేరు నచ్చకపోతే నచ్చకపోయింది, దానికి ఆ పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. మొదటి కొన్ని వారాలు గేటు దగ్గర జాగ్రత్త. తెరిచి ఉంటే పాత ఇంటిని వెతుక్కుంటూ పోతుంది. నడకకు తీసుకెళ్ళినప్పుడు బెల్టు, గొలుసు తీయవద్దు.

రెండో వారంలోగా డాక్టరుకు చూపించండి. పళ్ళు చూడమనండి, గుండె వినమనండి. వీలైతే రక్తపరీక్ష చేయించండి. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో దానివల్ల తెలుస్తుంది. నట్టల మందు, గోమార్లకు మందు, రేబిస్ టీకా. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందో లేదో తప్పకుండా అడగండి. కాకపోతే పెద్ద వయసులో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. కళ్ళు నీలంగా, మసకగా కనిపిస్తే కంగారు పడకండి. వయసు మీద కళ్ళు అలా మారడం మామూలే. చాలా కుక్కలకు అప్పటికీ చూపు బాగానే ఉంటుంది. ఊళ్ళో తేలని జబ్బయితే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. తెనాలినుంచి అదేమంత దూరం కాదు.

టీకా మాట వచ్చింది కాబట్టి ఒక తేదీ చెబుతాను. జూలై 6. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. దానికి గుర్తుగానే ఏటా ఆ రోజున మన ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. జూలై 6. పక్కింటివాళ్ళకు కూడా చెప్పండి.

ఇక మన ఇంటి సంగతి. ముసలి కుక్కకు మన ఇళ్ళలో మొదటి శత్రువు ఏమిటో తెలుసా? గచ్చు. మనం ముచ్చటపడి నున్నటి టైల్సు, గ్రానైటు వేయించుకున్నాం. కీళ్ళ నొప్పులున్న కుక్క దాని మీద లేవబోతే వెనక కాళ్ళు రెండూ జారి చెరోవైపు పోతాయి. నాలుగు గోనెపట్టాలు తెచ్చి అది నడిచే దారిలో పరవండి. ఖర్చు ఎంత? ఏమీ లేదు. దానికి మాత్రం కాళ్ళు తిరిగొచ్చినట్టే.

రెండో శత్రువు మన వంట. ఇది గుంటూరు సీమ. మిగిలిన కూరన్నం పళ్ళెంలో ఊడ్చి కుక్కకు పెట్టేస్తాం. అందులో కారం, ఉప్పు, నూనె, ఉల్లిపాయ. ఉల్లిపాయ కుక్క రక్తానికే చేటు. ముసలి మూత్రపిండాలకు ఉప్పు భారం. కోడి ఎముకలు ఉడికితే విరిగి సూదుల్లా గుచ్చుకుంటాయి. ఉప్పు వేయని మెత్తటి అన్నం, కొంచెం పెరుగు, ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం, గుడ్డు. ఏ జబ్బూ లేకపోతే ఇవి పెట్టవచ్చు. జబ్బుంటే డాక్టరు చెప్పినట్టు పెట్టండి.

మూడోది చాలా ముఖ్యం. దయచేసి శ్రద్ధగా వినండి. కుక్క కుంటుతుంటే జాలిపడి, మీరు వేసుకునే నొప్పి బిళ్ళ దానికి వేయకండి. మీకు పనిచేసిన బిళ్ళ దాని కడుపులో పుండు చేయగలదు, మూత్రపిండాల్ని పాడుచేయగలదు. పిల్లికైతే జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్కటి చాలు, ప్రాణం పోతుంది. మళ్ళీ చెబుతున్నాను. మన మాత్రలు వాటికి వేయకూడదు.

పిల్లుల మాటెత్తాను కాబట్టి ఒక్క ముక్క. కుక్కను నడిపించే ఓపిక కూడా లేనివాళ్ళు పెద్ద వయసు పిల్లిని తెచ్చుకోండి. కిటికీ దగ్గర ఎండపొడ చూపిస్తే చాలు.

మన తీరానికి సంబంధించిన సంగతి ఒకటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మళ్ళీ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ముసలి కుక్కకు చెవులు సరిగ్గా వినపడకపోవచ్చు, కళ్ళు ఆనకపోవచ్చు, నీళ్ళు వస్తే ఈదలేకపోవచ్చు. తుపాను హెచ్చరిక వచ్చి ఇల్లు వదలాల్సి వస్తే దాన్ని వెంట తీసుకెళ్ళండి. అది కుదరని పరిస్థితే వస్తే, గొలుసు మాత్రం విప్పి వెళ్ళండి. కట్టేసి మాత్రం వెళ్ళకండి.

ముసలి కుక్కను తెచ్చుకోకూడనివాళ్ళు కూడా ఉన్నారు. పాకే వయసు పసిపిల్లలున్న ఇంట్లో, ఎలాంటిదో తెలియని కుక్కను తేవద్దు. ఏటా ఆరు నెలలు అమెరికాలో ఉండేవాళ్ళు కూడా ఆలోచించుకోండి. మనవడు పుట్టాడని వెళ్తారు, వీసా ఉన్నన్నాళ్ళు ఉంటారు. ఆ ఆరు నెలలు కుక్కను ఎవరు చూస్తారు? పనిమనిషి చూస్తుందిలే అంటే కుదరదు. ఎదురింటివాళ్ళతోనో, తమ్ముడి ఇంట్లోనో ముందే మాట్లాడి, కుక్కకు ఆ ఇల్లు అలవాటు చేసి, ఆ తరవాతే విమానం టికెట్టు కొనండి. అలాగే మీ తరవాత దాన్ని ఎవరు చూస్తారో కూడా పిల్లలకు చెప్పి పెట్టండి. ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో చెబుతారు కదా, అదే రోజు ఇదీ చెప్పండి.

చివరిగా అందరూ అడిగే ప్రశ్న. "రెండు మూడేళ్ళు ఉండి పోతుంది కదండీ. ఆ బాధ మాకెందుకు?" బాధ ఉంటుంది. ఉండదని నేను అబద్ధం చెప్పను. కానీ పన్నెండేళ్ళు పెంచుకున్న కుక్క పోతే బాధ ఉండదా? ముసలి కుక్క దగ్గర బాధ ముందే తెలిసి వస్తుంది, అంతే తేడా. దానికి మాత్రం ఆ రెండు మూడేళ్ళు సిమెంటు గచ్చు మీద, ఇనప ఊచల వెనక గడవకుండా, గోనెపట్టా మీద, మీ కుర్చీ పక్కన గడుస్తాయి. మీ బాధకూ దాని సుఖానికీ తూకం వేస్తే, నా తీర్పు కుక్క వైపే.

వచ్చే సంక్రాంతికి మీ అబ్బాయి ఫోన్ చేసి "నాన్నా, కుక్కపిల్లను తెస్తున్నా" అంటే, వద్దని చెప్పండి. ఆ డబ్బు ఏదైనా షెల్టరుకు పంపమనండి. మీరు మాత్రం ఈ వారంలోనే మీ ఊరి పశువుల ఆసుపత్రికి ఒకసారి వెళ్ళి, పెద్ద వయసు కుక్క ఏదైనా ఇల్లు లేకుండా ఉందేమో అడగండి.